పాత కారులో చిన్న పిడి

మోటారు కారును చూచేవారు మొదట దాని రంగును చూస్తారు. తరువాత ముందు దీపాలను, చక్రాలను, బానెట్టు వంపును చూస్తారు. ఆ కారును నడిపినవారికి జ్ఞాపకముండేవి మాత్రం వేరు. స్టీరింగు చక్రం అరచేతికి తగిలిన తీరు, గేరు పిడి నునుపు, కిటికీ అద్దాన్ని పైకెత్తే మీట బిగువు, సీటు తోలు వాసన, ఇవే వారి మనస్సులో నిలిచిపోతవి. చేయి తగిలే చోటనే అరుగుదల ఎక్కువ గనుక, పాత కారులో మొట్టమొదట పాడయ్యేవి కూడ ఈ లోపలి చిన్న భాగాలే.

డెబ్బదియేండ్ల క్రిందటి స్పోర్ట్సు కారును తిరిగి నిలబెట్టదలచినవారికి ఒక్కొక్కప్పుడు ఇంజను కంటె ఈ చిన్న భాగాలే పెద్ద చిక్కు తెచ్చిపెడతవి. ఇంజనుకు కొలతల పుస్తకాలున్నవి. దాని పని సరిగా ఉన్నదో లేదో చెవికి తెలుస్తుంది. పగిలిన ఒక పిడిని బాగుచేయవలెనా, తీసివేసి కొత్తది పెట్టవలెనా అన్న ప్రశ్నకు ఏ పుస్తకమూ సమాధానం చెప్పదు. అది పనివాని వివేకానికి, యజమాని ఓర్పుకు వదలివేయబడిన విషయం.

హైదరాబాదు తూర్పుకొసన, మూసీనది ఒడ్డున ఉన్న నాగోలు ఈ ప్రశ్నను ఆలోచించుటకు తగిన చోటు. 2017 నవంబరులో మియాపూరు నుండి నాగోలు వరకు మెట్రోరైలు నడవనారంభించినది. రవాణాశాఖవారి డ్రైవింగు పరీక్షా మార్గం కూడ ఇక్కడ ఉన్నది. కొత్తగా కారు నేర్చుకొన్నవారు ఇక్కడ నడిపి చూపి లైసెన్సు పొందుతారు. ఉప్పలు, నాచారం పారిశ్రామిక వాడలు దగ్గరలోనే ఉన్నవి. లేతు మీద ఇత్తడిని చెక్కేవారు, రబ్బరును అచ్చుపోసేవారు, లోహానికి పూతపూసేవారు, సీట్లు కుట్టే కుషన్ పనివారు, టింకరింగు పనివారు మొదలైన వారందరి విద్యలు కలిస్తేనే ఒక పాత కారు లోపలిభాగం బాగుపడుతుంది. అటువంటి విద్యలకు నిలయాలు ఇటువంటి వాడలే.

ఈ పని స్వభావం తెలియుటకు ఒక కారును ఉదాహరణగా తీసికొనవచ్చును. ఇంగ్లండులోని అబింగ్డనులో 1945 నుండి 1949 వరకు తయారైన ఎం.జి. టి.సి. అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారు ప్రపంచ ప్రసిద్ధమైనది. ఆ నాలుగేండ్లలో సుమారు 10,000 కార్లు మాత్రమే తయారైనవి. బాడీ రేకుల వెనుక యాష్ అనే ఐరోపా కలపతో చేసిన చట్రం ఉంటుంది. కూర్చొనే మెత్తలు రెండు. వీపు ఆనించే భాగం మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే. డ్యాష్‌బోర్డు మీద ఒక విచిత్రమైన చిన్న దీపం ఉన్నది. కారు వేగం గంటకు 20 మైళ్లు దాటగానే అది వెలుగుతుంది. 30 మైళ్లు దాటగానే ఆరిపోతుంది.

ఈ దీపం ఎందుకు? 1935లో బ్రిటనులో ఇండ్లున్న వీథులలో వాహనాల వేగాన్ని గంటకు 30 మైళ్లకు, అనగా సుమారు 48 కిలోమీటర్లకు, పరిమితం చేసినారు. డ్రైవరు కన్ను రోడ్డు మీద ఉండగానే పరిమితి దగ్గరపడినదని తెలుపుటకు ఈ దీపాన్ని అమర్చినారు. దానిని వెలిగించే మీటలు వేగమాపకం లోపలనే ఉంటవి. అవి అరిగిపోయినప్పుడు వేగమాపకాన్నే మార్చివేసి, దీపమున్న రంధ్రాన్ని మరొక దానితో పూడ్చివేయుట సులభం. కారు అప్పుడూ నడుస్తుంది. ప్రయాణంలో ఏ లోటూ కనబడదు. కాని ఒక దేశం వేగాన్ని గురించి ఆలోచించనారంభించిన కాలానికి సాక్ష్యమైన వస్తువు దానితో అదృశ్యమవుతుంది. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయునికి శాసనం వంటిదే ఈ దీపం కూడ.

ఇక భాగాలు పాడయ్యే విధానం. హైదరాబాదులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యం. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి బయటి వేడి కంటె చాలా హెచ్చు. ఆ వేడికి కలప ఎండి కుంచించుకొంటుంది. వర్షాకాలపు తేమకు మరల ఉబ్బుతుంది. ఏటేటా జరిగే ఈ కదలికకు డ్యాష్‌బోర్డు మీద అతికిన పలుచని అక్రోటు చెక్కపొర అంచుల దగ్గర లేచిపోతుంది. తోలులోని నూనె ఇంకిపోయి పగుళ్లు తీస్తుంది. రబ్బరు బిరుసెక్కి పొడి అవుతుంది.

బేకలైటు సంగతి మరింత చిత్రమైనది. లియో బేకలండు 1907లో కనిపెట్టిన ఈ పదార్థం ఫీనాలు, ఫార్మాల్డిహైడు అనే రసాయనాల కలయిక. ఒకసారి వేడికి గట్టిపడినదంటే మరల కరగదు. ఇనుప కడ్డీ విరిగితే కరిగించి అతుకవచ్చును; బేకలైటు పిడికి ఆ అవకాశం లేదు. పైగా దానిలో రంపపు పొట్టు వంటి కలపపొడి కలిపి ఉంటుంది. వెలుతురుకు పై మెరుపు పోయినప్పుడు ఆ పొడి బయటపడి, నల్లని పిడి గోధుమరంగుకు తిరుగుతుంది. మెరుపు తేవలెనని గట్టిగా రుద్దితే మిగిలిన పైపొర కూడ పోతుంది. అందుచేత నేర్పుగల పనివాడు మెత్తని గుడ్డతో, కొద్దిపాటి మైనంతో ఆగిపోతాడు.

ఇక్కడ బాగుచేయుటకు, మార్చుటకు గల భేదం గమనించదగినది. అక్రోటు పొరను పూర్వం జంతువుల చర్మం, ఎముకల నుండి తీసిన సరేసుతో అతికేవారు. సరేసు వేడినీటి ఆవిరికి మెత్తబడుతుంది. కనుక లేచిన పొరను ఆవిరిపట్టి, మరల సరేసు రాసి, బరువు పెట్టి అణచివేయవచ్చును. రేపు ఇంకొక పనివాడు వచ్చి దానిని విప్పి సరిచేయవచ్చును. అదే స్థానంలో నేటి ఎపాక్సీ జిగురు వాడితే అతుకు గట్టిగానే ఉంటుంది, కాని విప్పబోతే పొర చిరుగుతుంది. తాను చేసిన పనిని తరువాతివాడు విప్పుటకు వీలుండవలెననే నియమాన్ని మ్యూజియములలోని సంరక్షకులు పాటిస్తారు. పాత వడ్రంగులు వాడిన సరేసులో ఆ గుణం సహజంగానే ఉన్నది.

కొన్ని భాగాలను మార్చక తప్పదు. ఒక బేకలైటు పిడి రెండు ముక్కలై, ఒక ముక్క పోయినదనుకొందాము. మిగిలిన దానిని శుభ్రంచేసి, పోయిన భాగాన్ని మైనంతో పూర్తిచేస్తారు. దానిని చిన్న పెట్టెలో నిలిపి, చుట్టూ సిలికాను రబ్బరు పోస్తారు. అది గట్టిపడిన పిదప పిడిని తీసివేస్తే ఖాళీ అచ్చు మిగులుతుంది. ఆ అచ్చులో రంగు కలిపిన రెజిను పోసి కొత్త పిడిని తీస్తారు. లోపల ఉండవలసిన ఇత్తడి గొట్టాన్ని లేతు మీద చేయించి ముందే అచ్చులో నిలపవలెను. లేకున్న మరమేకు బిగించిన మరునాడే రెజిను పగులుతుంది.

ఆ మరమేకులోనూ ఒక పాఠమున్నది. బ్రిటిషు కార్లలోని విట్‌వర్తు మరచుట్టు, కార్ఖానా భాషలో త్రెడ్డు, 55 డిగ్రీల కోణంతో ఉంటుంది. నేడు బజారులో దొరికే మెట్రిక్ మరచుట్టు కోణం 60 డిగ్రీలు. డ్యాష్‌బోర్డు మీటర్లకు, విద్యుత్ పరికరాలకు వాడిన చిన్న బి.ఏ. మరమేకుల కోణం 47.5 డిగ్రీలు. ఒకటి రెండు చుట్లు ఎక్కినదని బలవంతంగా బిగిస్తే, పాత ఇత్తడిలోని చుట్లు తెగిపోతవి. అర్ధరూపాయి మరమేకు వలన అరుదైన మీటరు చెడిపోవుట ఈ విధంగానే జరుగుతుంది. కోణాలను జ్యామితిలో మాత్రమే చూచిన విద్యార్థికి, వాటి విలువ ఇక్కడ చేతికి తెలుస్తుంది.

విదేశపు భాగాలకోసం ఎదురుచూడకుండ ఉన్నదానిని బాగుచేసికొనే అలవాటు మన దేశంలో అవసరం నుండి పుట్టినది. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం దేశంలోనే కార్లు తయారుకావలెనన్న విధానాన్ని అవలంబించినది. విదేశపు కార్ల దిగుమతి క్షీణించినది. జనరల్ మోటార్సు 1954లో బొంబాయిలోని తన కర్మాగారాన్ని మూసివేసినది. అంతకు పూర్వం వచ్చిన కార్లకు భాగాలు దొరకుట కష్టమైనది. దొరకనిదానిని చేసికొనుటే మార్గమైనది. అందువలన ఎందరో పనివారు గొప్ప నేర్పు సంపాదించినారు. అదే కారణం వలన ఎన్నో కార్లలో అసలు భాగాలు పోయి, చేతికి దొరికినవి చేరినవి. ఈ రెండూ నిజమే.

నాగోలు నుండి మూసీ వెంట ఎగువకు పోతే పాతబస్తీ వస్తుంది. అక్కడి పురానీ హవేలీలోని నిజాం మ్యూజియములో జాగ్వార్ మార్క్ 5 కారు ఒకటి ఉన్నది. 1948 అక్టోబరులో లండను మోటారు ప్రదర్శనలో ఈ తరహా కారును, జాగ్వార్ ఎక్స్.కె. 120 స్పోర్ట్సు కారును ఒక్కసారే లోకానికి చూపినారు. స్పోర్ట్సు కారు చట్రం మార్క్ 5 చట్రాన్ని కురుచచేసి రూపొందించినదే. కనుక పురానీ హవేలీలోని కారు ఆ ప్రసిద్ధమైన స్పోర్ట్సు కారుకు అన్నగారని చెప్పవచ్చును. మార్క్ 5లో అక్రోటు పొర, తోలు సీట్లు రాజసంగా ఉంటవి. పైకప్పులేని ఎక్స్.కె. 120 తలుపుకు బయట పిడియే లేదు. చేయి లోపలికి పెట్టి తీగను లాగితేనే తలుపు తెరచుకొంటుంది. అది తెలియని మరమ్మతుదారుడు సౌకర్యం కొరకు బయట పిడి అమర్చితే, కారు తన స్వరూపాన్నే కోల్పోతుంది.

చౌమహల్లా ప్రాసాదంలోని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు కథ మరొకటి. దానిని ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తెప్పించదలచినారు. పసుపుపచ్చని ఆ కారుకు లండనులోని బార్కర్ సంస్థవారు బాడీ కట్టినారు. వెనుక సింహాసనం వంటి ఎత్తైన ఆసనమున్నది. కాని 1911 ఆగస్టులోనే నిజాం మరణించినందున ఆయన దానిలో కూర్చొనలేదు. అటుపిమ్మట కూడ అది నడిచిన దూరం స్వల్పమే. నడవని కారు అరగదు గదా అని తోచవచ్చును. యంత్రం అరగదు, తోలు, పట్టు, కలప మాత్రం నడిచినా నడవకున్నా కాలానికి లోబడినవే.

ఇట్టి వాహనాలను గురించి 2021 జూలైలో కేంద్రప్రభుత్వం ప్రత్యేక నిబంధనలు చేసినది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజనులలో పెద్దమార్పు లేక మూలరూపంలో ఉన్న సొంత వాహనం వింటేజి వాహనంగా గుర్తింపు పొందుతుంది. దాని నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత వి.ఏ. అనే అక్షరాలుంటవి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. నిత్యవ్యవహారాలకు దానిని రోడ్డు మీద నడపరాదు. ఈ నియమం మంచిదే. కాని దానిలో పేర్కొన్నవి చట్రం, బాడీ, ఇంజను మాత్రమే. గేరు పిడిని, చిన్న దీపాన్ని, సీటు తోలును అది పేరుపెట్టి కాపాడదు. వాటిని కాపాడవలసినది మనిషి మనస్సాక్షియే.

పాత కట్టడాల సంరక్షణకు 1964లో వెనిస్ నగరంలో ఒక నియమావళి ఏర్పడినది. దాని అడుగుజాడలలోనే, 1966లో స్థాపితమైన అంతర్జాతీయ ప్రాచీన వాహనాల సమాఖ్య వాహనాల కొరకు టురిన్ నియమావళిని రూపొందించినది. సారాంశం సులభం: మొదట ఉన్నదానిని నిలుపుము, నిలువనిదానిని బాగుచేయుము, బాగుపడనిదానినే మార్చుము, మార్చినదానిని పాతదని నమ్మించకుము. కొత్తభాగం మీద కంటికి అడ్డురాని చోట ఒక గుర్తు వేయుట ఇందులోని మర్యాద.

ఈ మర్యాదకు ధనం కంటె శ్రద్ధ ముఖ్యం. భాగాన్ని విప్పకముందు ఛాయాచిత్రం తీయవలెను. తీసిన మరమేకులను కాగితపు పొట్లాలలో వేసి, ఎక్కడివో వ్రాసి ఉంచవలెను. పనికిరాదని తోచిన పాత పిడిని పారవేయక తేదీ వేసి పెట్టెలో దాచవలెను. దాని కొలత రేపటి పనివానికి మూలం. పాత తోలు అడుగున అరచేయంత ముక్క అసలు రంగుతో మిగిలి ఉంటే, దానిని కత్తిరించక అక్కడనే వదలవలెను.

కొత్త తోలు, కొత్త పూత, కొత్త రెక్సిను వేసి మెరిపించిన కారును చూచి మెచ్చేవారు చాలామంది ఉంటారు. అరిగిన పిడిని అలాగే ఉంచినందుకు పనివానిని మెచ్చేవారు కొద్దిమందే. అందుచేతనే చాలాచోట్ల యజమాని మెరుపును కోరుతాడు, పనివాడు ఆ కోరికను తీరుస్తాడు, తెలియకుండనే ఒక సాక్ష్యం చెత్తబుట్టలో పడుతుంది. పోయిన పిడికి నకలు చేయగల చేతులు ఉప్పలు, నాచారం వంటి వాడలలో నేటికీ ఉన్నవి. ఏది చేయవలెనో, ఏది చేయక విడిచిపెట్టవలెనో తెలిసిన యజమానులు వారికి దొరకవలసి యున్నది.