మాటున కూర్చుండి పిట్టను చూచుట

ఇంటి పెరటిలో మామిడికొమ్మపై వ్రాలిన గోరువంకను ఎప్పుడైన ఫొటో తీయ ప్రయత్నించితిరా? కంటికి నిండుగా కనబడిన పిట్ట చిత్రమునందు ఆకుల నడుమ ఒక చుక్కవలె మిగులును. తప్పు కెమెరాది కాదు, చేతిదియు కాదు. మన కన్ను తనకు కావలసినదానినే ఏరుకొని చూచును. కెమెరాకు ఆ పక్షపాతము లేదు. కొమ్మయు, ఆకును, ఆకాశమును, పిట్టయు దానికి సమానమే.

కొంచెము లెక్క చూతము. గోరువంక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దానిని 20 మీటర్ల దూరమునుండి, 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల సాధారణపు లెన్సుతో తీసినచో ఫిల్ముపై పడు బింబము ఒక మిల్లీమీటరైనను ఉండదు. 500 మిల్లీమీటర్ల లెన్సు తగిలించినచో ఆరు మిల్లీమీటర్లకు పైబడును. చిన్న లెన్సుతోనే రెండు మీటర్ల దగ్గరకు పోగలిగినను ఇంచుమించు అంతే పరిమాణము వచ్చును. ఇప్పటి కెమెరాలలో ఫిల్మునకు మారుగా వెలుతురును గ్రహించు ఎలక్ట్రానిక్ పలక యుండును గాని, ఈ లెక్క మారలేదు. లెన్సును పొడిగింపవలెను, లేదా దూరమును తగ్గింపవలెను.

లెన్సును పొడిగించుట డబ్బుతో తీరు పని అని తోచును. కాని పొడవైన లెన్సు పిట్టతోపాటు మన చేతి వణకును కూడ పెద్దది చేసి చూపును. అందుచేత 500 మిల్లీమీటర్ల లెన్సును చేతబట్టువారు షట్టరును కనీసము సెకనులో 500వ వంతు వేగమున నడుపవలెనని వాడుక. ఎగురుచున్న పిట్టకు 2,000వ వంతు కావలసియుండును. అంత వేగమునకు తగిన వెలుతురు తెల్లవారుజామున దొరకదు. పిట్టలు చురుకుగా తిరుగునది అప్పుడే! ముక్కాలి స్టాండు వేయువారు వేయుదురు; గోడమీదనో, కారు కిటికీమీదనో చిన్న ఇసుకసంచి నుంచి, దానిపై లెన్సును ఆనించుట అంతకంటె సులభము. ఇక ఎండ ముదిరిన పిమ్మట నేలనుండి లేచు వేడిగాలిలో దూరపు పిట్ట నీటిలోని నీడవలె కదలాడును. ఎంత ఖరీదైన లెన్సును ఆ గాలిని దాటి చూడజాలదు. కావున తుదకు దగ్గరకు పోక తప్పదు.

దగ్గరకు పోవు విద్య మన వేటగాండ్రకు క్రొత్త కాదు. దీమముతో మృగమును మరపించుట, ఎద్దు చాటున నడచుచు పిట్టను సమీపించుట, మాటు వేసి కూర్చుండుట - ఇవన్నియు వారెరిగినవే. ఇంగ్లండునందు యార్కుషైరు పల్లెనుండి వచ్చిన రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అను సోదరులు ఈ విద్యనే కెమెరాకు తెచ్చిరి. 1892 ఏప్రిలులో గ్రుడ్లతో కూడిన ఒక పాటపిట్ట గూటిని వారు ఫొటో తీసిరి. 1900లో చట్రముపై నిజమైన ఎద్దు తోలును తొడిగించి, బోలుగా నున్న ఆ బొమ్మ ఎద్దు కడుపులో కెమెరాతో నిలుచుండి చిత్రములు తీయనారంభించిరి. ఒకనాడు లోపల నిలుచున్న రిచర్డునకు తల తిరిగి, ఎద్దుతోకూడ తలక్రిందులుగా పడెను. తమ్ముడు వచ్చువరకు ఎద్దు కాళ్లు ఆకాశమును చూచుచునే యున్నవట!

ఎద్దు పోయినది గాని మాటు నిలిచినది. నాలుగు కఱ్ఱలు పాతి, మాసిన ముదురురంగు గుడ్డను బిగించి కట్టి, లెన్సునకు ఒక కంత విడిచినచో మాటు సిద్ధమగును. గుడ్డ గాలికి కొట్టుకొనరాదు; అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త యిది. దానిని ఒక్కనాడే పిట్ట ముందు నిలుపరాదు. మొదట దూరమున నుంచి, పిట్ట దానికి అలవాటుపడినదని తెలిసిన పిమ్మట దినమునకు కొంత చొప్పున ముందుకు జరుపవలెను. మనిషి లోనికి పోవుటలో నొక చమత్కారము కలదు. ఇద్దరు కలిసి మాటువరకు నడతురు. ఒకరు లోన కూర్చుందురు, రెండవవారు అందరికిని కనబడునట్లు వెనుదిరిగి పోవుదురు. పిట్టకు మనుష్యులు వచ్చినదియు, పోయినదియు తెలియును గాని, ఇద్దరిలో ఒకరు మిగిలిరను లెక్క సాధారణముగా తెలియదు. కొన్ని నిమిషములలో అది తన పనికి మరలును. ఆ పిమ్మట లోపలివారు చేయవలసినదెల్ల దగ్గకుండ, తుమ్మకుండ, దోమను కొట్టకుండ గంటలకొలది కూర్చుండుటయే. వేలకొలది రూపాయలు పోసి లెన్సు కొనువారిలో ఈ పనికి ఒప్పుకొనువారు కొందరే.

ఈ ఓపిక లేనిచోట నష్టపోవునది పిట్ట. కొన్ని యేండ్ల క్రిందట కొంగల కేకలను రికార్డు చేయుటకై మేము ఒక చెరువునకు పోయితిమి. నీట నిలిచిన చెట్లపై గూళ్లు. గూళ్లలో గ్రుడ్లు, ఈకలు రాని పిల్లలు. తల్లులు ఎండకు అడ్డముగా రెక్కలు విప్పి నిలిచియున్నవి. మైక్రోఫోనును గట్టుపై అమర్చి మేము దూరముగా కూర్చుంటిమి. మాతో వచ్చిన వారొకరు చేత కెమెరా యుండుటచే, ఇంకొక నాలుగడుగులు వేసినచో మంచి బొమ్మ వచ్చునని నీటిలోనికి దిగిరి. చెట్టుమీది కొంగలన్నియు ఒక్కసారి లేచినవి. అవి మరల వ్రాలులోపల రెండు కాకులు వచ్చి రెండు గూళ్లను ఖాళీ చేసినవి. వారికి చిత్రము వచ్చినది, బాగుగనే వచ్చినది. మా రికార్డింగులో కాకుల అరుపు స్పష్టముగా వినబడును. ఆ భాగమును మేము ప్రసారము చేయలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గ్రుడ్లను, గూళ్లను కలతపరచుటను వేటగానే లెక్కించుచున్నదని మేము తరువాత చదివి తెలిసికొంటిమి. నాటినుండి గూటివద్ద తీసిన చిత్రమును చూచినపుడెల్ల, తీసినవారు ఎక్కడ నిలిచిరో యని ముందుగా ఆలోచింతుము.

శబ్దముతో పని చేయువారము గనుక మరియొక మాట చెప్పవలసియున్నది. మొబైలు ఫోనులో పిట్ట కూతను వినిపించి దానిని దగ్గరకు రప్పించు పద్ధతి యొకటి బయలుదేరినది. ఆ కూత పిట్టకు సంగీతము కాదు; తన చోటును ఆక్రమింప వచ్చిన శత్రువు సవాలు. అది మేత మాని, గూడు విడిచి, లేని శత్రువును వెదకికొనుచు వచ్చును. చిత్రము కొరకు ఇట్టి మోసము మాకు సమ్మతము కాదు.

తెలుగుదేశమున అత్యంత దుర్లభమైన పిట్టను చిత్రించినపుడు ఈ విద్య మరియొక మెట్టెక్కినది. కలివికోడిని శాస్త్రజ్ఞులు 1848లో వర్ణించిరి. 1900 తరువాత అది పండితులెవరికిని కనబడలేదు, నశించినదనుకొనిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున మరల దొరకినది. స్థానిక వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుతురులో పట్టిన ఆ పిట్ట ఎక్కువకాలము బ్రదుకలేదు. అది రాత్రి తిరుగు పిట్ట. ముండ్లపొదల నడుమ నడచునే గాని సులభముగా ఎగురదు. దానికి ఎవరు, ఎన్ని రాత్రులు మాటు వేయగలరు?

2000 సంవత్సర ప్రాంతమున లంకమల చిట్టడవులలో పరిశోధకులు వేరొక దారి త్రొక్కిరి. పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, ఉదయమున దానిపై పడిన అడుగుజాడలను పరీక్షించిరి. జాడ దొరకిన చోట్ల తమంతట తాము పనిచేయు కెమెరాలను నిలిపి వెడలిపోయిరి. ఏ ప్రాణియైనను ఎదుట కదలినచో షట్టరు తెరచుకొనును, మెఱుపుదీపము వెలుగును. కుందేలు వచ్చినను, నక్క వచ్చినను బొమ్మ పడును. ఓపికగా ఏరగా ఏరగా, పొడవైన కాళ్లపై నిలిచి, ఱొమ్మున గోధుమరంగు పట్టీలతో కలివికోడి కొన్నిటిలో కనబడినది. ఆ చిత్రములు పడినవేళ కెమెరాల దగ్గర మనుష్యులెవరును లేరు.