మూడు రోజుల విశాఖ ప్రయాణం: వేళ చూసుకుంటే హాయి

ఉగాదో, శ్రీరామనవమో, గుడ్ ఫ్రైడేయో ఆదివారానికి దగ్గరగా వచ్చిందంటే చాలు, ‘ఎక్కడికైనా వెళ్దాం’ అని ఇంట్లో పిల్లలు మొదలుపెడతారు. హైదరాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నంలో దిగవచ్చు. సముద్రం, కొండ, గుడి మూడూ ఒక్కచోటనే ఉన్నాయి. మూడు రోజుల సెలవుకు ఇంతకంటె ఏం కావాలి?

అయినా, ఇలా వెళ్ళినవారిలో కొందరు వాంతులతోనో, విరేచనాలతోనో, ఎండదెబ్బతోనో తిరిగి వచ్చి మరో మూడు రోజులు మంచమెక్కుతారు. తప్పు ఊరిది కాదు, ప్రయాణం వేసుకున్న తీరుది. ఏమేం చూడాలో జాబితా రాసుకుంటారు గాని, ఏ వేళకు ఎక్కడ ఉండాలో రాసుకోరు. మీరు ఆ రెండో జాబితా ముందు రాసుకోండి.

ఉక్కపోతను తక్కువ అంచనా వేయకండి

మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాదు కంటె విశాఖలో ఎండ తక్కువే. కాని గాలిలో తేమ ఎక్కువ. చెమట పట్టడం వల్ల కాదు, పట్టిన చెమట ఆరడం వల్ల ఒళ్ళు చల్లబడుతుంది. తేమగాలిలో అది త్వరగా ఆరదు. ఒంట్లోని నీరూ, ఉప్పూ పోతాయి, వేడి మాత్రం పోదు.

కనుక ఉదయం పది లోపల, సాయంత్రం నాలుగు దాటాక తిరగండి. విశాఖ తీరం తూర్పు ముఖంగా ఉంది. సూర్యోదయం చూడాలంటే ఆరు గంటలకు ముందే ఇసుకలో ఉండాలి. సాయంత్రం పొద్దు ఊరి వెనక్కు వాలుతుంది గనుక తీరాన ఎండ బాధ తగ్గుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి గదిలో విశ్రాంతి తీసుకోండి. ఆ రెండు మూడు గంటలు వృథా అనుకోవద్దు. సాయంత్రం తిరిగే ఓపిక వాటి నుంచే వస్తుంది.

దాహం వేసేదాకా ఆగక మంచినీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగుతూ ఉండండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం కావాలి. పెద్ద పొట్లం ఒక లీటరు నీటికి, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పొట్లం మీద రాసిన కొలత ప్రకారమే కలపండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు నీళ్ళ విషయం బయలుదేరే ముందే డాక్టరును అడగండి.

ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, మతి చెదిరినట్లుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిని నీళ్ళతో తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

అరకు వెళ్తే ఆ రోజుకు అదే

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం బొర్రా గుహలు, రాత్రికి మళ్ళీ బీచి అని పెట్టుకుంటే ఏదీ దక్కదు. అరకుకు ఒక రోజు పూర్తిగా కేటాయించండి.

ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పేవారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. దూరంగా రోడ్డును చూడమనండి, పుస్తకం గాని, సెల్‌ఫోన్ గాని చూడనివ్వకండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, పీకల దాకా తినడమూ మంచిది కాదు. రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర బండి ఎక్కడానికి అరగంట, గంట ముందు వేసుకుంటేనే పని చేస్తుంది. కొన్ని మాత్రలు మత్తు కలిగిస్తాయి కనుక బండి నడిపేవారు వాటి జోలికి పోరాదు. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులు, ఆయాసం ఉన్న పెద్దవారిని ‘ఇంత దూరం వచ్చాం గదా’ అని బలవంతపెట్టకండి.

మందుల సంచి చేతిలోనే

బీపీ, షుగరు మాత్రలు రెండు రోజులకు అదనంగా తీసుకోండి. డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. సెలవు మీకే గాని మాత్రలకు కాదు. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలరాదు, గడ్డకట్టే చోట పెట్టరాదు. షుగరు ఉన్నవారు ఇసుకలో వట్టి కాళ్ళతో నడవవద్దు. పాదాలలో స్పర్శ తగ్గి ఉంటే కాలినా, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు.

అలలతో ఆటలు వద్దు

ఇంతవరకు చెప్పినవి సెలవును పాడు చేసేవి. ఇది ప్రాణం తీసేది. రామకృష్ణా బీచిలో మునిగి చనిపోయినవారు ఎందరో. వారిలో ఈత వచ్చినవారూ ఉన్నారు.

ఒడ్డుకు వచ్చిన నీరు ఒక్కోచోట సన్నని పాయగా కూడి వేగంగా లోపలికి పోతుంది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ అలలు విరుగుతుంటే, ఆ పాయ ఉన్నచోట విరగక నీరు నిమ్మళంగా కనబడవచ్చు. ‘ఇక్కడ నెమ్మదిగా ఉంది’ అని పిల్లలను అక్కడే దింపేవారున్నారు! హెచ్చరిక బోర్డు ఉన్నచోట పాదాలు తడుపుకొని రండి, చాలు. స్నానం చేయాలనుకుంటే రక్షక సిబ్బంది ఉన్నచోట, వారున్న వేళలో, వారు చెప్పిన హద్దులో మాత్రమే చేయండి. పిల్లలు నీటి దగ్గర ఉన్నంతసేపు ఇంటిపెద్దల్లో ఒకరు వేరే పని పెట్టుకోక వారినే చూస్తూ ఉండాలి.

పాయ లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి. అలసిపోయేది మీరే. తేలుతూ చేయి ఎత్తి కేకవేయండి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు తిరగండి. మరొకరు కొట్టుకుపోతుంటే వెనకే దూకవద్దు. తాడో, ఖాళీ డబ్బానో విసిరి సిబ్బందిని పిలవండి.

బయటికి తీసిన మనిషిని తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం తప్పు. ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా, తెలిసినవారు వెంటనే నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. తేరుకున్నా సరే, ఆస్పత్రిలో చూపించి తీరాలి.

మూడు రోజుల్లో నాలుగు చోట్లు తక్కువ చూస్తే నష్టమేమీ లేదు. విశాఖ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడూ ఉంటుంది. వెళ్ళినవారందరూ నవ్వుతూ ఇంటికి చేరడమే సెలవుకు అసలైన ఫలం.