చలికాలమున చెఱువు మేత, పొయ్యి కట్టె



కార్తికము గడచి మార్గశిరము ప్రవేశించునప్పటికి మన మంగళగిరి ప్రాంతమున గాలి మాఱును. ఒకవైపు మిరపతోటలు కాపుమీద నుండును. మఱియొకవైపు ప్రత్తి తీతలు సాగుచుండును. ఈ పనుల నడుమ చెఱువులోని చేపలను గూర్చియు, దొడ్డిలోని కట్టెలను గూర్చియు తలచువారు తక్కువ. ఈ రెండింటిని ఒక్క ప్రసంగమున చేర్చుటేల యని మీరడుగవచ్చును. చెఱువులో తినక మిగిలిన మేత నీటిలోని ప్రాణవాయువును హరించును. పొయ్యిలో ఆరని కట్టె ఇంటిలోని గాలిని చెఱచును. మొదటిదానివలన చేపకు ఊపిరాడదు. రెండవదానివలన ఇల్లాలికి ఊపిరాడదు. ముందుచూపు గలవారు రెండింటిని తప్పించుకొనగలరు.

మొదట చేపల సంగతి చెప్పెదను. హేమంతఋతువున మనుష్యునకు జఠరాగ్ని ప్రబలమగునని చరకసంహిత ఋతుచర్యను చెప్పుచోట వివరించినది. చలిదినములలో మనకు రెండు ముద్దలు ఎక్కువ సయించుట అందఱము ఎఱిగినదే. అయితే ఈ న్యాయము చేపకు చెల్లదు. మన దేహమునకు సొంత వేడిమి కలదు, చేపకు లేదు. నీరెంత చల్లనో చేపయు నంత చల్లన. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు అను మన పెంపుడు చేపలు 25 మొదలు 32 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వేడిమిగల నీటిలో చక్కగా తిని పెరుగును. నీరు 20 డిగ్రీలకు దిగినచో వాని ఆకలి మందగించును. తిన్నదియు మెల్లగా అఱుగును. మనకు ఆకలి పెరుగు కాలమే చేపకు ఆకలి తరుగు కాలమన్నమాట.

మన కొండమీది పానకాలస్వామి, భక్తులెంత పానకము పోసినను సగము స్వీకరించి సగము వారికే విడిచిపెట్టునని మనవారి విశ్వాసము. చలికాలమున మేతబుట్టతో చెఱువునకు పోవువారు ఆ సగము మాట జ్ఞప్తియందుంచుకొనవలెను. లెక్క యిట్లుండును. చెఱువులో అరకిలో తూగు చేపలు 1,000 ఉన్నవనుకొనుడు. మొత్తము 500 కిలోలు. వెచ్చని దినములలో ఆ తూకమునకు నూటికి రెండుపాళ్ళ చొప్పున దినమునకు 10 కిలోల మేత పెట్టుచుందుము. చలి ముదిరినప్పుడు 5 కిలోలతో సరిపెట్టి, అదియు మిగులుచున్నచో ఇంకను తగ్గింపవలెను.

మేత యనగా మన ప్రాంతమున ముఖ్యముగా తవుడు, దానిలో కొంత వేరుశనగ చెక్కయో ప్రత్తిగింజల చెక్కయో కలిపినది. దీనిని నీటిపై వెదచల్లుటకంటె, కొల్లేటి రైతులు వాడుకలోనికి తెచ్చిన సంచి పద్ధతి మేలు. సంచి అడుగుభాగమున రంధ్రములు చేసి, మేత నింపి, చెఱువులో పాతిన వెదురుగడకు కట్టుదురు. చేపలు వచ్చి రంధ్రముల వద్ద మూతి పెట్టి తినును. రెండుగంటల పిమ్మట సంచి పైకెత్తి చూచినచో ఎంత తిన్నవో, ఎంత మిగిలినదో మనకు తెలియును. నిన్న మిగిలినదే నేటి కొలతకు గురువు. వేసవిలో వలె తెల్లవాఱుజామున మేత కట్టరాదు. ప్రొద్దెక్కి, నీటి పైభాగము కొంచెము వెచ్చబడిన తరువాత, తొమ్మిది పదిగంటల వేళ కట్టవలెను.

మిగిలిన మేత వలన వచ్చు కీడెట్టిదో వినుడు. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగానే ఇముడును. కాని దానిని పుట్టించునది ప్రధానముగా నీటికి పచ్చదనము నిచ్చు సూక్ష్మమైన నాచు. అది పగటి వెలుతురులో ప్రాణవాయువును విడుచును. రాత్రి తానును పీల్చుకొనును. ముసురు పట్టిన దినములలో వెలుతురు చాలక ఉత్పత్తి తగ్గును, రాత్రులా దీర్ఘములు. దీనికి తోడు అడుగున మేత క్రుళ్ళుచున్నచో, తెల్లవాఱునప్పటికి చేపకు మిగులునదేమి?

మా చుట్టుపట్ల గ్రామమొకదానిలో చెఱువు పాట పాడినవారు, ముసురుపట్టిన మూడుదినములును, చలికి చేప చిక్కిపోవునేమో యని మేత హెచ్చించిరి. నాలవనాటి ఉదయమున చేపలు తెల్లగా తేలినవి. ఏడాది పెట్టుబడి ఒక్క రాత్రిలో పోయినది. అప్పు మాత్రము మిగిలినది. దయతో పెట్టిన మేతయే ప్రాణము తీసినది. కావున ఎండ లేని దినమున మేత మానుట పాపము కాదు, పుణ్యము. పేడ మున్నగు ఎఱువులకును ఇదే నియమము.

ప్రాతఃకాలమున గట్టుమీద నిలిచి చూచుట అలవరచుకొనుడు. కొఱ్ఱమీను పైకి వచ్చి గాలి గ్రుక్కుట దాని స్వభావము. దానికి భయపడ నక్కఱలేదు. బొచ్చెయు శీలావతియు గుంపులుగా పైకి వచ్చి నోళ్ళు తెఱచినచో అది ఆపద. వెంటనే మేత ఆపి, ఇంజను పెట్టి క్రొత్తనీరు తోడవలెను. అది లేనిచో చెఱువునీటినే ఎత్తి ఎత్తి చిమ్మవలెను. కాలువనీరు నిలిచిపోవుటకు ముందే చెఱువును అయిదాఱు అడుగుల లోతునకు నింపుకొనుట మంచిది. లోతునీరు త్వరగా చల్లబడదు. అదియే చేపకు కంబళి.

చలికాలమున మఱి రెండు జాగ్రత్తలు కలవు. చేపల ఒంటిమీద ఎఱ్ఱని మచ్చలు లేచి పుండ్లగు వ్యాధి యొకటి 1988లో మన దేశమున ప్రవేశించినది. అది చలిదినములలోనే ప్రబలును. మచ్చలు కనబడినచో ఆ చెఱువు వలను వేఱొక చెఱువులో వేయరాదు. మత్స్యశాఖవారికి తెలిపి, వారు చెప్పిన కొలతలో సున్నము చల్లవలెను. రెండవది మన మెట్టపొలములకు ప్రత్యేకమైనది. మిరపకును ప్రత్తికిని పురుగుమందులు కొట్టు కాలమిదే. ఆ మందులలో కొన్ని, ముఖ్యముగా పైరిత్రాయిడ్ జాతివి, అత్యల్పముగా నీటిలో కలిసినను చేపలను చంపును. మందుడబ్బా చెఱువులో కడుగరాదని ఊరిలో దండోరా వేయింపదగును.

ఇక కట్టెల సంగతి. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చిన తరువాత చాల యిండ్లలో వంటకు గ్యాసు చేరినది. అయినను చలికాలపు స్నానమునకు నీళ్ళు కాచుటకు, పశువులకు ఉలవలుడికించుటకు, నూలునకు రంగులు వేయువారి కాగులక్రిందికి కట్టెలు కావలసియే యున్నవి.

పచ్చికట్టె తూకములో ఇంచుమించు సగము నీరే. దానిని పొయ్యిలో పెట్టినచో, అగ్ని మొదట ఆ నీటిని ఆవిరిచేయు పనిలో పడును. కాగులోని నీటి మాట తరువాత. వేడి చాలక కట్టె పూర్తిగా మండదు. మండని భాగమే పొగయై కండ్లలోనికిని ఊపిరితిత్తులలోనికిని పోవును. రెండుమోపుల పచ్చికట్టె చేయలేని పనిని ఒక మోపు ఎండుకట్టె చేయును. ఇక్కడను సగము మాటయే!

కట్టెను మాఘ ఫాల్గుణములలో కొట్టి, చీల్చి, వేసవి యెండలో ఆరబెట్టుట ఉత్తమము. బెరడు తేమను బిగబట్టును. చీల్చినచో తేమ పోవుటకు దారి దొరకును. నేలమీద కాక రాళ్ళపై దుంగలు పఱచి, వానిపై పేర్చవలెను. పైన తాటియాకు కప్పి, ప్రక్కలు గాలికి విడువవలెను. ఇంటిగోడ కానించి పేర్చినచో తేళ్ళును పాములును చేరును. ఆరినదో లేదో తెలిసికొనుటకు, ఒక కట్టెకు గుర్తు పెట్టి వారమునకొకసారి తూచుడు. తూకము తగ్గుట నిలిచినప్పుడు అది ఆరినట్లు. త్రాసు లేనివారు రెండు కట్టెలను కొట్టి చూచుడు. ఎండినవి ఖంగున మ్రోగును, పచ్చివి మొద్దుగా పలుకును. ఇప్పటివఱకు సిద్ధపడనివారు కట్టెలను సన్నగా చీల్చి, పగలెల్ల ఎండలో వేసి, రాత్రి మంచు తగులకుండ లోపల పెట్టుకొనవలెను.

మనకు తుమ్మ, సర్కారుతుమ్మ, సరుగుడు నిలిచి మండు కట్టెలు. కందికంప, ప్రత్తికట్టె, మిరపకట్టె త్వరగా రాజుకొనునవి. మిరపకట్టెకు మిగిలిన కాయలను దులిపివేయనిచో పొయ్యి ఘాటెత్తి ఇల్లంతయు దగ్గును. ప్రత్తికట్టె విషయమున ఇంకను జాగరూకత వలయును. విచ్చుకొనని కాయలలో గులాబిరంగు పురుగు దాగి, తరువాతి పైరువఱకు బ్రతికియుండును. అట్టి కట్టెను దొడ్డిలో నెలలతరబడి నిలువచేసినచో, వంటచెఱకుతోపాటు శత్రువునుకూడ కాపాడినవారమగుదుము. కాయలను ఏరి కాల్చివేసి, కట్టెను వేసవి దాటకుండ వాడుకొనవలెను. కొండమీది రక్షితారణ్యమున కొట్టుట నేరము. ఇతరచోట్ల చెట్టు కొట్టుటకును 2002 నాటి వాల్టా చట్టమును అనుసరింపవలెను.

ఎండుకట్టెయైనను పొగకు దారి చూపవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు గొట్టముగల మట్టిపొయ్యిని రూపొందించి, పొగలేని వంటిండ్లను గూర్చి 1953లో పుస్తకము ప్రకటించిరి. ఆ సూత్రము మట్టితోను ఇటుకతోను ఏ యింటనైనను అమర్చుకొనదగినది.

వృద్ధులకొక మాట, నేనును అరువదులు దాటినవాడనే గనుక చెప్పుచున్నాను. చలికి ఓర్వలేక బొగ్గుల కుంపటి గదిలో నుంచుకొని, తలుపులు బిగించి పరుండరాదు. పొగ లేదుగదా యని నమ్మరాదు. ఎఱ్ఱని బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. కుంపటి బయట కాచుకొని, లోపలికి కంబళి తీసికొని పోవుడు.

పెద్దలైన మీరు పంచాయతీలో చెఱువు పాట నిర్ణయించునప్పుడు, పాటదారునకు మేత కొలతయు, ముసురునాడు మేత మానవలెనను మాటయు చెప్పుడు. ఇంటికి పోయి కట్టెలమోపులో నడిమి కట్టె నొకదానిని లాగి, మ్రోగించి చూడుడు. మీ మాట విని ఇతరులు చేయుదురు. మీ చేత చూచి అందఱును చేయుదురు.