మామిడి పుప్పొడి: మొలక, నిల్వ

భారత ఉపఖండానికి సొంతమైన పండ్ల చెట్లలో మొదట చెప్పదగిన మామిడి, పూత విషయంలో ఎంత ఉదారమైనదో పుప్పొడి విషయంలో అంత పొదుపరి. ఒక్కో పూగుత్తిలో వందల నుంచి వేల దాకా పూలు విచ్చినా వాటిలో అధికభాగం మగపూలే కాగా, పిందె కట్టగల అండాశయం కలిగిన ద్విలింగ పుష్పాల పాలు రకాన్ని బట్టి, ఆ ఏటి వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఒక పువ్వులో నాలుగైదు కేసరాలు కనిపించినా పుప్పొడినిచ్చేది సాధారణంగా ఒక్కటే, అరుదుగా రెండు; తక్కినవి ఎదగని గొడ్డు కేసరాలు. పనిచేసే కేసరం కొనన ఉన్న పరాగకోశం, అంటే పుప్పొడి సంచి, పువ్వు విచ్చినప్పుడు గులాబీ రంగులో ఉండి, ఎండ తగిలి ఆరేకొద్దీ ఊదారంగుకు తిరిగి పగులుతుంది. పొద్దెక్కిన తరువాత మధ్యాహ్నంలోగా జరిగే ఈ పని, మబ్బు పట్టిన రోజున, మంచు కురిసిన ఉదయాన ఆలస్యమవుతుంది.

ఈగలో, ఇతర కీటకాలో మోసుకువచ్చిన పుప్పొడి రేణువు కీలాగ్రంపై, అంటే స్త్రీభాగపు కొనపై పడి, అక్కడి తేమను పీల్చి ఉబ్బి, ఒక సన్నని గొట్టాన్ని బయటికి చాస్తుంది. దీనినే పుప్పొడి మొలకెత్తడం అంటారు. ఆ గొట్టం కీలంలోంచి కిందికి పెరిగి, అండాశయంలోని ఏకైక అండాన్ని చేరి, పురుష బీజకణాలను అందులో విడిచినప్పుడే ఫలదీకరణ జరుగుతుంది. రేణువులు తయారయ్యే దశలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోతే వాటి జీవశక్తి బాగా దెబ్బతింటుంది కనుక, నిండుగా పూసిన చెట్టు కూడా పిందెకు రాకపోవడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

రేణువు బతికి ఉన్నదా లేదా అని తేల్చడానికి ప్రయోగశాలలో రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఎసిటోకార్మైన్ వంటి రంగు పట్టించి చూడటం. ఇది సులువే కాని, చనిపోయిన రేణువు సైతం కొంతకాలం రంగు పీల్చగలదు కనుక దీని సాక్ష్యాన్ని పూర్తిగా నమ్మడానికి వీలులేదు. రెండవది గాజు పలకపై చక్కెర, బోరిక్ ఆమ్లం, కాల్షియం లవణం కలిపిన ద్రావణపు చుక్కలో రేణువులను మొలకెత్తించడం. చక్కెర పుప్పొడి రేణువు లోపలి పీడనాన్ని నిలుపుతూ ఆహారంగానూ ఉపయోగపడుతుంది. బోరాన్, కాల్షియం గొట్టపు గోడ సరిగా ఏర్పడటానికి తోడ్పడతాయి. కొన్ని గంటల తరువాత సూక్ష్మదర్శినిలో చూసి, గొట్టం పొడవు రేణువు వ్యాసానికి సమానంగానో, అంతకు మించో ఉన్నవాటినే మొలకెత్తినవిగా లెక్కిస్తారు.

కొద్దికాలమే బతికే ఈ పుప్పొడిని దాచవలసిన అవసరం సంకరణం వల్ల, అంటే రెండు రకాలను కలిపి కొత్త రకాన్ని పుట్టించే పని వల్ల వచ్చింది. నీలం, దసేరి రకాల కలయికతో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో మల్లిక, ఆమ్రపాలి వెలువడ్డాయి. నీలం, బేనిషాన్‌ల సంకరమైన నీలేషాన్ తెలుగునాట పుట్టినదే. అయితే దక్షిణాది తోటలు ఉత్తరాది తోటలకంటే ముందుగా పూస్తాయి. ఒకే తోటలోనైనా తొందరగా పూసే రకం, ఆలస్యంగా పూసే రకం ఒకే రోజున విచ్చుకోవు. ఈ కాలపు ఎడాన్ని పూడ్చగలిగేది నిల్వ పుప్పొడి ఒక్కటే.

నిల్వకు ప్రధాన శత్రువులు తేమ, వేడి. గది వాతావరణంలో వదిలిన మామిడి పుప్పొడి త్వరలోనే నిస్సారమవుతుంది. ఆరబెట్టి, తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ ఉన్న మూతపాత్రలో ఉంచి, శీతలపేటికలో పెడితే ఆయుష్షు పెరుగుతుంది. దీర్ఘకాలానికి మాత్రం –196 డిగ్రీల ద్రవ నైట్రోజనే శరణ్యం, ఎందుకంటే ఆ చలిలో జీవక్రియలు దాదాపు స్తంభిస్తాయి. ఆరబెట్టడంలో తొందర పనికిరాదు: లోపల నీరు మిగిలితే గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు కణపు పొరలను చీలుస్తాయి, మితిమీరి ఎండినా పొరలు దెబ్బతింటాయి. బయటికి తీసిన తరువాత నేరుగా ద్రావణంలో వేయక, కొంతసేపు తేమగాలిలో ఉంచి నెమ్మదిగా నీరు పట్టనివ్వడం కూడా అంతే ముఖ్యం. ఈ జాగ్రత్త లోపిస్తే మంచి పుప్పొడికి సైతం చచ్చినదన్న పేరు పడవచ్చు. మామిడి రేణువు రాలే వేళకు రెండు కణాలతోనే ఉండటం ఒక అనుకూలత, ఏలయన మూడు కణాల రేణువులు రాల్చే గడ్డిజాతుల పుప్పొడికంటే ఇటువంటిది సాధారణంగా ఎక్కువ కాలం నిలుస్తుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ ద్రవ నైట్రోజన్ పద్ధతిలో పుప్పొడి బ్యాంకును నెలకొల్పింది.

అయినా ఈ బ్యాంకును తోటకు ప్రత్యామ్నాయంగా భావించడం పొరపాటు. పుప్పొడిలో ఉండేది ఒక రకపు జన్యుసంపదలో సగమే; దానితో మరొక చెట్టు పూవును ఫలింపజేయవచ్చునే గాని, ఆ రకాన్ని యథాతథంగా తిరిగి పొందలేము. చిన్నరసమైనా, చెరుకురసమైనా, ఏ మామిడి రకమైనా అదే గుణాలతో కొనసాగాలంటే అంటు కట్టుకోవడానికి ఎక్కడో ఒక తోటలో ఆ చెట్టు బతికి ఉండవలసిందే.