కృష్ణకు అటు 58, ఇటు 12

2022 పులుల లెక్కలో రాష్ట్రాల అంకెలు బయటికొచ్చాక తెలంగాణలో పులులు తగ్గాయనీ, ఆంధ్రప్రదేశ్‌లో పెరిగాయనీ వార్తలొచ్చాయి. 2018లో తెలంగాణకు 26, ఆంధ్రప్రదేశ్‌కు 48. నాలుగేళ్ల తర్వాత మనకు 21, వాళ్లకు 63. అంకెల్లో తప్పు లేదు, కానీ వాటిని ఇలా విడదీసి చదవడం మాత్రం నల్లమలకు కుదరదు. అడవి ఒకటే. మధ్యలో పారే కృష్ణమ్మ 2014 జూన్ 2న రెండు రాష్ట్రాల సరిహద్దయింది. ఎడమ గట్టున నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. కుడి గట్టున నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్. విభజనకు ముందు రెండూ ఒకే రిజర్వు, 1983 నుంచీ.

అందుకే ఒకసారి రెండు రాష్ట్రాల అంకెలనూ కలిపి చూద్దాం. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో 95. 2010లో 72. 2014లో 68. 2018లో 26, 48 కలిపితే 74. 2022లో 21, 63 కలిపితే 84. తగ్గి, అడుగంటి, మెల్లగా లేస్తున్న గీత ఇది. 2006 తర్వాత కెమెరాల వాడకం బాగా పెరిగింది కాబట్టి ఆ 95ను మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు. 2010 నుంచి చూస్తే చాలు. ఆ పన్నెండేళ్లలో దేశం మొత్తం మీద పులులు 1,706 నుంచి 3,682కు చేరాయి, అంటే రెట్టింపు దాటాయి. మన రెండు రాష్ట్రాల్లో కలిపి పెరిగినవి పన్నెండే. ఎవరికి తగ్గాయి, ఎవరికి పెరిగాయి అన్న పంచాయితీ కంటే నన్ను ఆపిన అంకె ఇదే.

రిజర్వుల వారీగా చూస్తే తేడా ఇంకా స్పష్టం. కుడి గట్టు రిజర్వులో 58, అమ్రాబాద్‌లో 12. తెలంగాణ లెక్కలో మిగిలిన పులుల్ని అమ్రాబాద్‌లోని మన్ననూరు వైపు వెతకొద్దు. అవి మహారాష్ట్ర నుంచి పులులు దిగే కాగజ్‌నగర్ అడవులవి, ఆ కథ వేరే. అమ్రాబాద్ విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అవతలిది 3,296. వంద చదరపు కిలోమీటర్లకు ఇటు సగం పులి కూడా లేదు, అటు 1.8 దాకా ఉంది. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్‌లో అయితే 1,288 చదరపు కిలోమీటర్లకే 260. వందకు ఇరవై. సాల్ చెట్లూ గడ్డిమైదానాలూ ఉన్న కార్బెట్‌తో ఎండాకాలం ఆకు రాలి బండలు కాలే నల్లమలను పోల్చడం న్యాయం కాదని ఒప్పుకుంటాను. కానీ నల్లమలకు నల్లమలతోనే పోలిక పెట్టినా, ఒక గట్టుకూ ఇంకో గట్టుకూ దాదాపు నాలుగు రెట్ల తేడా కనిపిస్తోంది.

దీనికి అసలు జవాబు పులిలో కాదు, దుప్పిలో ఉంది. పెద్ద పులికి ఏడాదికి యాభై దాకా దుప్పి పాటి జంతువులు కావాలి. మంద తరిగిపోకుండా అందులోంచి పదో వంతే తినగలదు. అంటే ఒక్కో పులి వెనక ఐదు వందల జంతువుల మంద ఉండాలి. అమ్రాబాద్‌లోని 12 పులులకు ఆరు వేలు. రెండు గట్ల 70 పులులకు 35 వేలు. దుప్పి, కణితి, అడవి పంది, మనుబోతు అన్నీ కలిపే సుమా! ఒక్క ఉచ్చు, పొలం చుట్టూ కట్టిన ఒక్క కరెంటు తీగ ఈ లెక్కను ఎక్కడ కొడుతుందో వేరే చెప్పాలా? అడవి పందికని వేసిన తీగకు తగిలింది పందా, పులా అన్నది తెల్లారితే గాని తెలియదు.

సరిహద్దు మీది పులుల్ని ఎలా లెక్కించాలో దేశాలు ఇప్పటికే చేసి చూపించాయి. 2010 నవంబర్‌లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 13 పులుల దేశాలు కూర్చుని, 2022 నాటికి పులుల సంఖ్యను రెట్టింపు చేస్తామన్నాయి. అందులో నేపాల్ ఒకటి. 2009లో అక్కడ 121 పులులు, 2022లో 355. దాదాపు మూడింతలు. ఆ ప్రకటన తర్వాత భారత్, నేపాల్ కలిసి తమ సరిహద్దు వెంట ఉన్న తెరాయి అడవుల్లో ఒకే పద్ధతిలో కెమెరాలు పెట్టి, ఫొటోలను పక్కపక్కన పెట్టి చారలు సరిచూసుకున్నాయి. 239 పెద్ద పులులు తేలాయి. కొన్ని రెండు దేశాల్లోనూ కెమెరాకు చిక్కాయి. విడివిడిగా లెక్కించి ఉంటే వాటిని రెండు దేశాలూ తమ ఖాతాలోనే వేసుకునేవి. అస్సాంలోని మానస్‌కు, భూటాన్‌లోని రాయల్ మానస్‌కు మధ్యా ఇలాంటి ఉమ్మడి నిఘా నడుస్తోంది. పాస్‌పోర్టులున్న దేశాలే ఇంత చేస్తుంటే, ఒకే చట్టం కింద, ఒకే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ కింద ఉన్న రెండు రాష్ట్రాలకు అడ్డేమిటి?

కొన్ని పనులు ఇప్పటికే జంటగా నడుస్తున్నాయి. శ్రీశైలం వెళ్లేవాళ్లకు తెలుసు: రాత్రి 9 దాటితే మన్ననూరు దగ్గర గేటు పడుతుంది, మళ్లీ ఉదయం 6కే తెరుస్తారు. అవతల దోర్నాల వైపూ అంతే. ఒక్క వైపే మూస్తే ఫలితం సగమే. మంటలు అలా కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే ఎవరి గట్టు వాళ్లు ఆర్పుకుంటారు. శాసనసభ తీర్మానాలూ అంతే. యురేనియం కోసం అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్లు తవ్వి చూస్తామన్న ప్రతిపాదనకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబర్‌లో తీర్మానం చేసింది. చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా గొంతు కలిపిన ఉద్యమ ఫలితం అది. కానీ ఆ తీర్మానం మాట ఎడమ గట్టు దాకానే చెల్లుతుంది.

గద్వాల, వనపర్తి పాఠకులు ఇదంతా నాగర్‌కర్నూల్ గొడవ అనుకోవచ్చు. ఈ రెండు జిల్లాల్లో పులి అడవి లేదు, నిజమే. నది ఉంది. కర్ణాటక నుంచి దిగే కృష్ణ జూరాల దగ్గర ఈ రెండు జిల్లాలనూ ఒరుసుకుంటూ నల్లమలకు చేరుతుంది. అందులోని మొసలి, నల్లమల పులి రెండూ అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటీస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉన్నాయి. దక్షిణాసియాలోని 8 దేశాలు 2011లో వన్యప్రాణుల అక్రమ రవాణాను పట్టుకోవడానికి సావెన్ అనే వేదిక పెట్టుకున్నాయి. కానీ చర్మం, గోళ్లు దేశం దాటేలోపు ముందు జిల్లా దాటాలి. అక్కడ పనికొచ్చేది ఖాట్మండూలోని సావెన్ కార్యదర్శి కంటే గద్వాల, రాయచూరు, కర్నూలు అటవీ అధికారుల మధ్య నడిచే ఫోన్ కాల్.

తర్వాతి విడత లెక్క 2026ది. ఆ అంకెలు వచ్చినప్పుడు తెలంగాణ 21 ఏమైందో చూసే ముందు రెండు రిజర్వులనూ కలిపి, 70తో పోల్చండి. 70 దాటి, అందులో అమ్రాబాద్ వాటా 12 దగ్గరే ఆగితే, ప్రశ్న వేయాల్సింది ఎడమ గట్టు మీది దుప్పుల గురించి.