పండు కాని ఆలివు పండు

స్పెయిన్ దేశములో భోజనమునకు ముందు ఊరవేసిన ఆలివు కాయలను నోట వేసికొనుట పరిపాటి. ఆ దేశపు ఈశాన్య భాగమున, కాటలోనియా తీరమందు, రోజెస్ పట్టణమునకు సమీపమున ఉండిన 'ఎల్ బుల్లీ' అను భోజనశాలలో కూడ 2005లో అతిథులకు ఆలివులు పెట్టసాగిరి. గాజుజాడీలో, సుగంధ ద్రవ్యములు వేసిన నూనెలో అవి మునిగి యుండెడివి. ఒకదానిని చెంచాతో తీసి నోట నుంచుకొనగానే చిట్లి, నోరంతయు రసముతో నిండెడిది. అందులో గింజ లేదు, కండ లేదు. తొక్క కూడ ఆలివుది కాదు. తాటి ముంజెలో నీరు నిలిచినట్లు, పలుచని పొర యొకటి ఆలివు రసమును పట్టి యుంచెడిది. ఈ పొర ఎట్లు ఏర్పడును?

గోధుమరంగు సముద్రపు నాచులనుండి 'ఆల్జినేటు' అను పదార్థమును తీయుదురు. దీని అణువులు పొడవైన గొలుసుల వంటివి. సోడియము ఆల్జినేటును నీటిలో కలిపినచో ఈ గొలుసులు విడివిడిగా నుండి నీటిని చిక్కపరచునే గాని గట్టిపరచవు. సోడియము అయానునకు ధనావేశము ఒక్కటే. అది రెండు గొలుసులను కలుపజాలదు. కాల్షియము అయానునకు రెండు ధనావేశములు కలవు గనుక అది ఇరుప్రక్కల గొలుసులను పట్టుకొని ముడివేయును. ఇట్టి ముడులు అసంఖ్యాకముగా పడినపుడు వల యేర్పడి, నీరు అందులో చిక్కి పొరగా గట్టిపడును. వేడి చేసినను ఇది కరగదు.

ఈ విషయము ఆహార పరిశ్రమకు క్రొత్త కాదు. కృత్రిమ చెర్రీపండ్లు చేయుటకు 1940 దశకములోనే దీనిపై పేటెంటు పొందిరి. అచ్చట ఉద్దేశ్యము అసలు పండునకు బదులు చౌకపండును సమకూర్చుట. ఎల్ బుల్లీ ప్రధాన పాచకుడు ఫెర్రాన్ ఆడ్రియా, అతని సహచరులు 2003లో దీనినే వేరు ఉద్దేశ్యముతో చేపట్టిరి. ఖర్బూజా రసములో ఆల్జినేటు కలిపి, కాల్షియము లవణపు ద్రావణములో చుక్కలుగా వదలిరి. చేపగ్రుడ్ల వంటి గుళికలు తయారయ్యెను.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. గుళికను బయటికి తీసిన పిదప కూడ పొరలోని కాల్షియము లోనికి చొచ్చుకొని పోవును. కొంతసేపటికి రసమంతయు గడ్డకట్టును. కావున వెంటనే వడ్డింపవలెను. పైగా ఆలివు రసములో సహజముగానే కాల్షియము కలదు. అందులో ఆల్జినేటు కలిపినచో ముందే ముడులు పడును.

అందుచేత పద్ధతిని తలక్రిందులు చేసిరి. కాల్షియము లవణమును రసములోనే కలిపి, లీటరు నీటికి సుమారు 5 గ్రాముల ఆల్జినేటు గల తొట్టిలో చెంచాతో వదలిరి. ఇప్పుడు పొర లోనికి గాక వెలుపలికి పెరుగును. గుళికను తీసి మంచినీట కడుగగానే ఆల్జినేటు తొలగి, పెరుగుదల ఆగిపోవును. లోపలి రసము ద్రవముగానే నిలుచును. కావుననే ఆ ఆలివులను నూనెలో ఉంచి వడ్డించుట సాధ్యమైనది.

ఇది కళయా, రసాయనశాస్త్రమా? 2007లో జర్మనీలోని కాసెల్ నగరమున జరిగిన 'డాక్యుమెంటా' కళాప్రదర్శనకు ఆడ్రియాను ఆహ్వానించినపుడు ఈ ప్రశ్నపై వాదోపవాదములు చెలరేగెను. చిత్రము గోడపై నిలుచును. వంటకము తిన్నంతనే నశించును. అయినను కంటికి కాయగా తోచినది నాలుకకు రసమగుటలోని ఆశ్చర్యమును ముందుగా ఊహించి కల్పించినది మానవుని భావనయే. రసాయనశాస్త్రము ఆ భావనకు సాధనమైనది.

ఎల్ బుల్లీ భోజనశాల 2011 జూలై 30న మూతపడెను. 2023లో ఆ స్థలముననే ప్రదర్శనశాల వెలసినది. అచ్చట భోజనము పెట్టరు. ఆ వంటకముల వెనుకనున్న ఆలోచనలను మాత్రము చూపుదురు.