తొట్టి ఎండినా గుడ్డు చావదు: డెంగీ గురించి తెలుసుకుందాం



అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వత్రాప్ పక్క ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. వానల వెనకే డెంగీ జ్వరాలూ వస్తాయి. 2012లో, మనలాగే పడమటి కనుమల అడుగున ఉన్న కడయనల్లూరు పక్క డెంగీ గట్టిగా వ్యాపించింది. ఆ ఏడు తమిళనాడు మొత్తంలో 12,826 కేసులు, 66 మరణాలు లెక్కకు వచ్చాయి. 2017లో కేసులు 23 వేలు దాటాయి, 65 మంది చనిపోయారు.

వాన తక్కువ జిల్లాకు డెంగీ ఎందుకు?

విరుదునగర్, కోవిల్‌పట్టి పక్క ఊళ్లలో చాలా వీధులకు కొళాయి నీళ్లు రోజూ రావు. అందుకని తొట్టిలో, డ్రమ్ములో, బిందెల్లో పట్టి పెట్టుకుంటాం. డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు కాలువ అక్కర్లేదు. ఇలా నిలవున్న మంచి నీళ్లే చాలు. పెరట్లోని టెంకాయ చిప్ప, పాత టైరు, వాడని రోలు, ఫ్రిజ్ వెనక ట్రే కూడా దానికి ఇల్లే.

ఈ దోమ నీటి అంచుకు కొంచెం పైన, తొట్టి గోడకు అంటుకునేలా గుడ్లు పెడుతుంది. తొట్టి ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి నీళ్లు పారబోస్తే చాలదు. వారానికొకసారి గోడను బ్రష్షుతో రుద్ది కడగాలి, తర్వాత గట్టిగా మూత వేయాలి.

ఇది ఎక్కువ దూరం ఎగరదు. మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టి ఉంటుంది. కుట్టేది పగలే, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. రాత్రి దోమతెర ఒక్కటే కాపాడదు.

ఇంటికి వచ్చి తొట్టి ఎందుకు చూస్తారు?

ఆరోగ్య శాఖ వాళ్లు టార్చిలైటుతో తొట్టిలోకి చూసి, పురుగులుంటే రాసుకుంటారు. పిల్లలూ, ఈ లెక్క చేయండి. 100 ఇళ్లు చూస్తే 8 ఇళ్లలో, మొత్తం 12 పాత్రల్లో దోమ పిల్లలు కనిపించాయనుకోండి. ఇళ్ల సూచిక 8. నూరిళ్లకు ఎన్ని పాత్రలో చెప్పే బ్రెటో సూచిక 12. ఈ అంకెలు పెరిగిన వీధిలో జ్వరాలు రాకముందే మందు చల్లడం, తొట్లు కడిగించడం మొదలుపెట్టవచ్చు. అందుకే వాళ్లు వస్తే తలుపు తీయండి, పెరడూ మేడా చూపించండి.

రెండో లెక్క జ్వరాలది. ఒకే వీధిలో నలుగురైదుగురికి జ్వరమొస్తే అది హెచ్చరిక. పిల్లలకు సెలవు చీటీ రాసేటప్పుడు "ఒంట్లో బాగాలేదు" అని కాకుండా "జ్వరం, ఎన్నో రోజు" అని రాయండి.

జ్వరం వస్తే

రెండు రోజులైనా తగ్గకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం చూపించండి. మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష పనికొస్తాయి. జ్వరానికి డాక్టరు చెప్పిన కొలతలో పారాసిటమాల్ మాత్రమే ఇవ్వండి. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు బాగా తాగించండి. నేలవేము కషాయం తాగించినా పరీక్ష మానకండి.

ఒక మాట మరవకండి. జ్వరం దిగిన రోజే "తగ్గిపోయింది" అనుకోవద్దు. ప్రమాదం ఎక్కువగా అప్పుడే మొదలవుతుంది. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్ల విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. డెంగీలో నాలుగు రకాల వైరస్‌లున్నాయి. ఒకసారి వచ్చిన వాళ్లకు ఇంకో రకం సోకితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ.

జ్వరమున్న బిడ్డను పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి. ఆ బిడ్డను కుట్టిన దోమ కొన్నాళ్లకు పక్కింటి బిడ్డను కుడుతుంది.

విద్యార్థులకు పని: ప్రతి ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి పది నిమిషాలు తొట్టి, డ్రమ్ము, పెరడు, మేడ చూడండి. చూసిన పాత్రలెన్ని, పురుగులున్నవెన్ని అని నోట్‌బుక్కులో రాసి, సోమవారం క్లాసు టీచరుకు చూపించండి.